త్రాగునీరు, తినుతిండి, ఎముకల బలము

ఒక ఊరిలో ఒకే బావి నీరు త్రాగి పెరిగిన ఇద్దరు బాలురు కలరనుకొందము. ఇద్దరి పండ్లమీదను గోధుమవన్నె చారలున్నవి. అయినను ఒకడు నిటారుగా నడచుచున్నాడు. రెండవవానికి మోకాళ్ళు లోనికి వంగి, ఒకదానితో నొకటి ఒరసికొనుచుండుటచే పరుగెత్తుటకు వీలులేదు. బావి ఒకటే, నీరు ఒకటే, ఫలితము మాత్రము వేరు. దీనికి కారణమేమి? పూర్వజన్మ పాపమనియో, గ్రహచారమనియో కొందరు సమాధానపడెడివారు. ఆ బావి నీటిని, ఆ ఇంటి తిండిని కలిపి చూచిననే గాని ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకదు.

నల్లగొండ, ప్రకాశము, అనంతపురము మొదలగు మెట్టసీమలలో పెక్కుచోట్ల భూమి అడుగున గ్రానైటు శిలలు పరచుకొని ఉన్నవి. ఆ శిలలలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరిన్ అను మూలకము ఇమిడియున్నది. నేలలోనికి ఇంకిన వాననీరు రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి, ఆ ఖనిజములను కొంచెము కొంచెముగా కరిగించుకొనును. ఇట్లు నీటిలో చేరిన పదార్థమునే ఫ్లోరైడు అందురు. దీనికి రంగు లేదు, వాసన లేదు. తేటగా, చల్లగా ఉన్న నీటిలో ఇది ఉన్నదో లేదో నాలుక చెప్పలేదు, పరీక్షయే చెప్పవలెను. లీటరు నీటిలో ఇది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సూచన. ఒక మిల్లీగ్రాము లోపల ఉండుటయే మేలనియు, వేరొక నీటివసతి లేనిచోట మాత్రమే 1.5 వరకు అంగీకరింపవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి.

మన దేశములో ఈ వ్యాధిని తొలుత పసిగట్టినవారు తెలుగు రైతులేయని చెప్పుదురు. 1930 తరువాతి సంవత్సరములలో తమ దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి అడుగు వేయలేకపోవుటను వారు గమనించిరి. అటుపిమ్మట మనుష్యులలోను అదే బాధ కనబడినది. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని పరిశీలించి, షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును 1937లో తమ నివేదికను ప్రకటించిరి. నాటినుండి దీనికి ఫ్లోరోసిస్ అను పేరు మన వైద్యులకు సుపరిచితమైనది.

ఈ ఫ్లోరైడు శరీరములో చేయు పనియేమి? నీటితో కడుపులోనికి పోయిన ఫ్లోరైడు రక్తములో కలియును. అందు కొంతభాగమును మూత్రపిండములు బయటకు పంపివేయును. మిగిలినది ఎముకలలోను, పండ్లలోను చేరి నిలిచిపోవును. పెరుగుచున్న పిల్లల ఎముకలు పెద్దలవారి ఎముకలకంటె దీనిని హెచ్చుగా పట్టుకొనును. పంటిమీది పింగాణి వంటి పొర తయారగు తొలి ఎనిమిదేండ్లలో ఇట్టి నీరు త్రాగిన బిడ్డ పండ్లపై చారలు, మచ్చలు ఏర్పడును. తోమినంత మాత్రమున అవి పోవు. పెద్దలలో ఏండ్లు గడచినకొలది మెడ, నడుము, మోకాళ్ళు బిగిసిపోవును. వెనుకనుండి పిలిచినచో మెడ త్రిప్పలేక, దేహమంతయు త్రిప్పి చూచు స్థితి కలుగును. ఒకసారి బిగిసిన వెన్నును సడలించు మందు లేదు.

ఇక మన ఇద్దరు బాలుర విషయమునకు వత్తము. 1970 తరువాత నల్లగొండ ప్రాంతమున యౌవనదశలోనున్న పిల్లలలో మోకాళ్ళు లోనికి వంగు జబ్బు కనబడసాగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి 1973లో ప్రకటించిరి. వరి అన్నము తినువారికంటె జొన్నయే ముఖ్యాహారముగా గల ఇండ్లలో ఈ వంకర తరచుగా కానవచ్చినది. అక్కడి జొన్నలలో మాలిబ్డినము అను ధాతువు హెచ్చుగాను, ఎముక గట్టిపడుటకు అవసరమగు రాగి తక్కువగాను ఉన్నట్లు తేలినది. నాగార్జునసాగరము నిండి కాలువలు పారిన పిదప, భూగర్భజలము పైకివచ్చి నేలలో క్షారగుణము పెరుగుటచే మాలిబ్డినము పైరునకు సులభముగా అందినదని కొందరు శాస్త్రజ్ఞులు భావించిరి. అనగా నీటిలోని దోషమునకు నేలలోని మార్పు తోడై, అది పంటలోనికి, పంటనుండి కంచములోనికి, కంచమునుండి ఎముకలోనికి ప్రాకినది. దీనిని విని జొన్నను నిందింపరాదు. జొన్న మంచి ధాన్యమే. ఒక్క జొన్న తప్ప పాలు, పెరుగు, ఆకుకూర ఎరుగని పేదరికమే ఇక్కడ అసలు లోపము.

సున్నపుధాతువు, అనగా కాల్షియము, ఆహారములో సమృద్ధిగా ఉన్నచో కడుపులోని ఫ్లోరైడులో కొంత దానితో కలిసి రక్తములో చేరక బయటకు పోవును. పాలు, పెరుగు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు ఈ విధముగా ఉపకరించును. ఉసిరిక, జామ వంటి పండ్లలోని సి విటమినును శరీరమునకు మేలు చేయును. మన ఇండ్లలో నిత్యము వాడు చింతపండునకు కూడ ఒక గుణమున్నది. చింతపండు తీసికొన్న బాలుర మూత్రముతో ఫ్లోరైడు హెచ్చుగా వెలుపలికి పోయినట్లు 2002లో ప్రకటితమైన ఒక పరిశీలన తెలుపుచున్నది. తేయాకులో ఫ్లోరైడు సహజముగనే హెచ్చు. కావున ఇట్టి ఊళ్ళలో పిల్లలకు పాలకు బదులు పలుచని టీ పోయుట రెండు విధముల నష్టము.

అయితే చారు త్రాగుచున్నాము గదాయని చెడ్డనీరు త్రాగరాదు. తిండి దెబ్బను తగ్గించునే గాని, దెబ్బకు మూలమును తొలగింపజాలదు. నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని చాలమంది గృహిణుల నమ్మకము. ఇది పొరపాటు. కాచుటవలన క్రిములు చచ్చును. ఫ్లోరైడు మాత్రము పోదు సరిగదా, నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగు మోతాదులో కలిపి, కదలించి, తేర్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. మోతాదు తప్పినచో ఫలితము తప్పును గనుక, దీనిని తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయవలెను.

వాననీటిలో ఫ్లోరైడు దాదాపుగా ఉండదు. నదులలోని నీటిలోను సాధారణముగా స్వల్పమే. అందుచేతనే శుద్ధిచేసిన నదీజలములను గొట్టములద్వారా ఊరూరికి చేర్చుట అన్నింటికంటె నమ్మకమైన ఉపాయము. తెలంగాణములో 2016లో ప్రారంభమైన భగీరథ పథకము ఈ మార్గమునే అనుసరించినది. కాని కుళాయి వచ్చినంతమాత్రమున పని ముగియలేదు. కుళాయి నీరు రాని నాడు పాత బోరింగునుండి బిందె నింపుకొనుట, త్రాగుటకు మంచినీరు వాడి వంటకు మాత్రము బోరునీరు వాడుట ఇంకను కొన్ని ఇండ్లలో జరుగుచుండవచ్చును. అన్నము, పప్పు ఉడుకునప్పుడు నీటితోపాటు అందలి ఫ్లోరైడును పీల్చుకొనును. కావున త్రాగు నీరే వండు నీరు కావలెను.

మనము పుట్టిన నేలలోని రాతిని మార్చలేము. కాని బిందెలోని నీటిని పరీక్ష చేయించవచ్చును, బిడ్డ కంచములో ఇంత పెరుగు, ఇంత ఆకుకూర చేర్చవచ్చును. బిడ్డకు ఎనిమిదేండ్లు నిండులోపల ఈ రెండు పనులను చేసి, మంచినీటినే వాడిన ఇంట పండ్లపై చారలు పడు అవకాశము తగ్గును. అటుపిమ్మటను మానక చేసిన ఇంట ఫ్లోరైడువలన మోకాళ్ళు వంగు, ముదిమిలో మెడ బిగియు ప్రమాదమును తగ్గును.