ఎండను కొలిచి గాలి గుట్టు చెప్పే యంత్రం

మూడుకాళ్ల స్టాండు, దానిమీద అటూ ఇటూ తిరిగే ఒక తల, ఆ తలకు రెండు పొడవాటి గొట్టాలు. పక్కన ఒక పెట్టె, చిన్న సోలార్ పలక. చూడ్డానికి సన్ ఫొటోమీటర్ ఇంతే. సుమారు పావుగంటకోసారి అది సూర్యుడి వైపు తిరుగుతుంది. రకరకాల ఫిల్టర్లను ఒకదాని తర్వాత ఒకటి కాంతికి అడ్డుపెట్టి కొలతలు తీసుకుంటుంది. చినుకు పడితే తడి సెన్సర్ పసిగడుతుంది, గొట్టాలు నేలవైపు వాలిపోతాయి. వాటిలో సాలీడు గూడు అల్లితే మాత్రం యంత్రానికి తెలియదు. మనిషి వెళ్లి శుభ్రం చేయాల్సిందే.

గాలిలో తేలే దుమ్ము, మసి, సముద్రపు ఉప్పు, సల్ఫేటు కణాలన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. వాతావరణం పైఅంచుకు ఎంత కాంతి వస్తోందో, అందులో నేలకు ఎంత చేరిందో తెలిస్తే, వాయువుల వాటా తీసేశాక మిగిలిన నష్టం ఈ కణాలదే. దాన్ని ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనే అంకెతో చెబుతారు. ఆ అంకె 0.4 ఉంటే, నడినెత్తి సూర్యుడి నుంచి నేరుగా రావలసిన కాంతిలో దాదాపు మూడో వంతును ఏరోసాల్స్ దారిలోనే ఆపేశాయన్నమాట.

మరి పైఅంచు దగ్గరి కాంతి సంగతి నేలమీదున్న యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఉదయం సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి కాంతి చాలా గాలిని దాటి రావాలి. పొద్దెక్కేకొద్దీ ఆ దారి తగ్గుతుంది. దారి పొడవుకు, కాంతి లాగరిథమ్‌కు గ్రాఫు గీసి, గాలే లేని సున్నా దాకా ఆ గీతను పొడిగిస్తే జవాబు దొరుకుతుంది. అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ పేరుతో పిలిచే ఈ పద్ధతికి నిర్మలమైన ఆకాశం కావాలి. అందుకే ప్రామాణిక యంత్రాలను హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద, సుమారు 3,400 మీటర్ల ఎత్తున సరిచూస్తూ వచ్చారు.

ఈ యంత్రం వెనకున్న ఆలోచన పాతదే. సన్నని కణాలు ఎరుపు కంటే నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటాయి, పెద్ద దుమ్ము కణాలు అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా ఆపుతాయి. ఆ తేడాను ఒక అంకెలోకి తెచ్చినవాడు స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్. అది 1929. చేత్తో పట్టుకుని సూర్యుడికి గురిపెట్టే ఫొటోమీటర్‌ను ఫ్రెడరిక్ వోల్జ్ 1959లో పరిచయం చేశాడు. అది చవక, తేలిక. కానీ చెయ్యి కదిలినా, ఫిల్టరు పాతబడినా కొలత దారితప్పేది.

భారతదేశం తన సొంత దారి 1980లలో వేసుకుంది. తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లాబొరేటరీ పది తరంగదైర్ఘ్యాల్లో కొలిచే రేడియోమీటర్‌ను తయారుచేసింది. అలాంటి యంత్రం ఒకటి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. తర్వాతి కాలంలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కూడా ఇస్రో నడిపే ఏరోసాల్ కేంద్రాల వరుసలో చేరింది. ఏళ్ల తరబడి ఓపికగా పోగుచేసిన ఆ లెక్కల ఫలితం 2013లో వెలువడింది. దేశంలో ఆప్టికల్ డెప్త్ 1985 నాటి విలువలో ఏటా సుమారు 2.3 శాతం చొప్పున పెరుగుతూ వచ్చిందని తేలింది. ఆ పెరుగుదల డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండే పొడి నెలల్లో దేశమంతటా కనిపించింది. వేసవిలో, వానాకాలంలో మాత్రం ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు.

నాసాలో బ్రెంట్ హోల్బెన్ బృందం 1990లలో మొదలుపెట్టిన ఏరోనెట్ అనే కేంద్రాల వరుస, ఫ్రాన్స్‌కు చెందిన సిమెల్ సంస్థ సన్ ఫొటోమీటర్లను దేశదేశాల్లో నిలబెట్టింది. 2001లో ఒకటి ఐఐటీ కాన్పూర్‌కు చేరింది. అక్కడి లెక్కలు చూస్తే శాస్త్రవేత్తలు రుతువులను ఎందుకంత పట్టించుకుంటారో అర్థమవుతుంది. చలికాలంలోనూ, ఎండాకాలంలోనూ ఆప్టికల్ డెప్త్ ఎక్కువే. కానీ కణాలు వేరు. చలికాలంలో ఆంగ్‌స్ట్రామ్ అంకె ఒకటి దాటుతుంది, అంటే పొగ, మసి, సల్ఫేటు వంటి సన్నని కణాలదే రాజ్యం. థార్ ఎడారి దుమ్ము కమ్మిన వేసవి రోజుల్లో అదే అంకె అర కంటే కిందికి పడిపోతుంది. సల్ఫేటు కాంతిని చెదరగొట్టి భూమిని చల్లబరుస్తుంది. మసి కాంతిని మింగి గాలిని వేడెక్కిస్తుంది, నేలకు అందే ఎండను తగ్గిస్తుంది. ఏడాది మొత్తానికి ఒకే సగటు తీసి శీతోష్ణస్థితిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాకు ఇస్తే ఈ తేడా అంతా మాయమవుతుంది.

నమూనాలు చేతకానివేమీ కావు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు, దాని సల్ఫేటు కణాల వల్ల భూమి సగటున సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని జేమ్స్ హాన్సెన్ బృందం ముందే లెక్కగట్టింది. అలాగే జరిగింది. కాన్పూర్ ఉన్న గంగా మైదానపు చలికాలం అంతకంటే కష్టమైన పరీక్ష. దక్షిణాసియా మీద ఏడు నమూనాలను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, వానాకాలం ముగిశాక, చలికాలంలో అవి ఏరోసాల్స్‌ను బాగా తక్కువగా చూపుతున్నాయని తేలింది. గాలిలో తేమను తక్కువగా లెక్కించడం, నైట్రేటును వదిలేయడం, పంట వ్యర్థాల మంటలనూ వంటచెరకు పొగనూ తక్కువ అంచనా వేయడం దీనికి కారణాలై ఉండొచ్చని అధ్యయనం సూచించింది. పొయ్యిలో కట్టెల లెక్క తప్పితే, శీతోష్ణస్థితి లెక్కా తప్పుతుంది! ఈ లోపాన్ని బయటపెట్టడంలో నేలమీది కొలతలు తోడ్పడ్డాయి.

ఐక్యరాజ్యసమితి శీతోష్ణస్థితి బృందం ఐపీసీసీ 2021 నివేదిక శీతోష్ణస్థితి మీద ఏరోసాల్స్ ప్రభావాన్ని చదరపు మీటరుకు మైనస్ 1.1 వాట్లుగా, అంటే చల్లబరిచే వైపుగా అంచనా వేసింది. అది మైనస్ 0.4 నుంచి మైనస్ 1.7 దాకా ఎంతైనా కావచ్చంది. అంత పెద్ద సందేహాన్ని తగ్గించాలంటే మన కేంద్రాలు ఏ ఏడూ ఆగకుండా పనిచేయాలి, వాటికి నిధులు అందాలి. ఏరోనెట్ కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కాన్పూర్ జనవరి, మే లెక్కలను పక్కపక్కన గ్రాఫుగా గీసే పనిని భౌతికశాస్త్ర అధ్యాపకులు తమ డిగ్రీ విద్యార్థుల చేత ఈ ఏడాదే చేయించాలి.