బండ మీద చెట్టు బొమ్మ.. శిలాజమేనా?

ఇంట్ల పరిచిన కొన్ని బండల మీద నల్లగ చెట్టుకొమ్మ లెక్క గీతలుంటయి. గది ఆకు గాదు, పగుళ్లల్లకు నీళ్లు తెచ్చిన మాంగనీసు మరక. మన సిద్దిపేట గుట్టలల్లనైతే శిలాజాల కోసం దేవులాడుడే దండుగ. గవి గ్రానైటు, భూమి లోపట కరిగిన రాయి సల్లారి అయినయి. శిలాజం ఎక్కువ దొరికేది నీళ్లడుగున పేరుకున్న రాయిల.

సున్నపురాయి అయితే ఇనుప మేకుతోని గీకితె గీత వడ్తది, ఆ పొడి మీద నిమ్మరసం పిండితె సన్నగ పొంగుతది. తాండూరు బండ గూడ పొంగుతది గని, అది శంఖులు, చేపలు పుట్టకముందటిది. ప్రాణహిత ఒడ్డున సిరోంచ దగ్గర కోట అనే ఊరున్నది. ఆడి సున్నపురాయిల జురాసిక్ కాలం చేపలు పొలుసులతోని సహా దొరికినయి. గసోంటిది కనవడితె పలుగు వెట్టకుర్రి. ఏ పొరలకెళ్లి వచ్చిందో తెల్వకపోతె దాని వయసు చెప్పుడు కష్టం. ఫోటో దీసి, జాగ రాసుకొని, హైదరాబాద్ బండ్లగూడల ఉన్న జియోలాజికల్ సర్వే ఆఫీసుకు చెప్పుర్రి.