నీటి ఫిల్టరుకు సాక్షి యెవరు?

చందనవెల్లిలో నొక గృహస్థుడు నీటి ఫిల్టరును కొనదలచెననుకొందము. అమ్మువాని మాటయే ఆధారము కావచ్చునా? కారాదని మా మనవి. నీటిలోని ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, కాచినను పోదు. నల్లగొండ ప్రజల ఎముకలను వంచినది అదియే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అల్ట్రావయొలెట్ దీపము క్రిములను చంపును గాని ఫ్లోరైడును తీయజాలదు, ఆర్.ఓ. పొర దానిని చాలవరకు తొలగించును.

కావున ముందు మీ బోరునీటిని పరీక్ష చేయించుడు. పిమ్మట, లాభముతో పనిలేని మూడవవాని సాక్ష్యమును చూడుడు. ఆర్.ఓ. ఫిల్టరుకు భారతీయ ప్రమాణము ఐ.యస్. 16240. ఐ.యస్.ఐ. ముద్రపైన ఆ సంఖ్యయు, క్రింద సి.యం./ఎల్.తో మొదలగు లైసెన్సు సంఖ్యయు ఉండవలెను. ముద్రను ఎవడైనను అచ్చొత్తగలడు. అందుచే ఆ లైసెన్సు సంఖ్యను బి.ఐ.యస్. కేర్ యాప్‌లో సరిచూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.