మీకు తెలుసా? పెన్సిల్‌తో రాసిన అర్జీ ఒక దేశపు చట్టాన్నే మార్చేసింది!

చేతిలో చిల్లిగవ్వ లేదు. లాయరూ లేడు. ఉన్నదల్లా ఒక పెన్సిలు! అమెరికాలోని ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ 1962లో నేరుగా సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. జైలువాళ్లిచ్చిన గీతల కాగితం. పైన ఉత్తరాల నిబంధనలు అచ్చువేసి ఉన్నాయి. కింద ఆయన దస్తూరీ, అక్షర దోషాలతో సహా! ఆ కాగితాన్నే దేశంలోకెల్లా పెద్ద కోర్టు విచారణకు తీసుకుంది!

ఇంతకీ ఆయన మీద పెట్టిన కేసేంటి? ఓ బిలియర్డ్స్ హాల్లోకి చొరబడి చిల్లర డబ్బులు, కొన్ని సీసాలు ఎత్తుకెళ్లాడట. శిక్ష ఎంతో తెలుసా? 5 ఏళ్లు!

అసలు విచిత్రం వినండి. మొదటి విచారణలో గిడియన్ లాయర్ని ఇమ్మన్నాడు. మరణశిక్ష పడే కేసులకే ఇస్తామన్నారు జడ్జి. కాదు, నాకూ లాయరు ఉండాలని సుప్రీంకోర్టే చెప్పిందని గిడియన్ పట్టుబట్టాడు. నిజానికి సుప్రీంకోర్టు అప్పటికి అలా చెప్పనే లేదు! రెండేళ్లు తిరక్కుండానే, 1963 మార్చి 18న, ఆయన అన్నదే చట్టమైంది. ఆయన కేసులోనే! జడ్జీలు 9 మందిదీ ఒకటే మాట!

ఫ్లోరిడా ఏం చేసిందో తెలుసా? తనకు మద్దతివ్వమని మిగతా రాష్ట్రాలకు ఉత్తరాలు రాసింది. రెండంటే రెండే కలిసొచ్చాయి. ఏకంగా 22 రాష్ట్రాలు ఎదురుతిరిగి గిడియన్ పక్షాన నిలిచాయి!

మళ్లీ విచారణ మొదలైంది. అదే ఊరు. అదే జడ్జి. అదే ప్రధాన సాక్షి! కొత్తగా వచ్చింది గిడియన్ పక్కన లాయరొక్కడే. సాక్షిని గుచ్చిగుచ్చి అడిగాడు. జ్యూరీ లోపలికెళ్లి దాదాపు 1 గంటలో తేల్చేసింది: నిర్దోషి! ఈ కథంతటిలో నన్ను నిలవనీయని సంగతి ఇదే. మనిషి మారలేదు, కేసు మారలేదు. లాయరు లేనప్పుడు జైలు. ఉన్నప్పుడు విడుదల!

పేదవాడికి సర్కారే లాయర్ని ఇవ్వాలన్న ఆలోచన గిడియన్ కంటే ముందే వచ్చిన మహాతల్లి ఒకరున్నారు! క్లారా ఫోల్ట్జ్. ఐదుగురు పిల్లల్ని పెంచుతూ లాయరైన మనిషి. శిక్ష వేయించడానికి సర్కారు జీతమిచ్చి ప్లీడర్ని పెడుతోందే, మరి పేదవాణ్ని కాపాడటానికి ఎందుకు పెట్టదు? 1893లోనే షికాగోలో నిలబడి ఆమె లేవనెత్తిన వాదన ఇది! ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు భవనానికి ఆమె పేరే!

ఇక మన దగ్గరికొద్దాం. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మరణశిక్ష పడ్డ ఖైదీలు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. మాకు లాయరు లేకుండానే విచారణ ముగించారు మహాప్రభో అన్నారు! లాయరు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదని కోర్టు తేల్చేసింది. అది 1951. ఉరికంబం ఎదురుగా ఉన్నా సరే!

మరి 1986లో? అరుణాచల్ ప్రదేశ్ నుంచి సుక్ దాస్ అనే వ్యక్తి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. లాయరు కావాలని ఆయన అడగనే లేదు. అయినా శిక్ష కొట్టేశారు! ఆ హక్కు ఉందని తెలియని పేదవాడు ఎలా అడుగుతాడు? చెప్పాల్సింది మేజిస్ట్రేటే కదా! ఎంత గొప్ప మాట!

ఇంకోటి చెప్పనా? లీగల్ ఎయిడ్, అంటే ఉచిత న్యాయసాయం, కటిక పేదలకే అనుకుంటాం. కాదు! 1987 నాటి చట్టంలోని 12వ సెక్షన్ చూడండి. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు... వీళ్లెవరికీ ఆదాయ పరిమితే లేదు!

ముద్దాయిల తరఫున వాదించడమే పూర్తికాలపు పనిగా జిల్లాల్లో లాయర్లను పెట్టే పథకం కూడా ఉంది. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అంటారు. 2022 నుంచి దేశంలోని చాలా జిల్లాలకు విస్తరించింది. అర్హత ఉన్న ముద్దాయి పైసా కట్టక్కర్లేదు!

మీ వీధిలో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్లారా? ఇంట్లోవాళ్లు పుస్తెలు తాకట్టు పెట్టే ముందే ఈ మాట చెవిన వేయండి. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మండల స్థాయిలోనూ కమిటీలున్నాయి. ఏదీ దొరక్కపోతే ఫోన్ తీసి 15100 నొక్కండి. ఇప్పుడే సేవ్ చేసుకోండి, పక్కింటివాళ్లకూ చెప్పండి!