మైక్ కొనేముందు మ్యాగజైన్ తిరగేయండి

రికార్డింగ్ పత్రికల్లో మీకు పనికొచ్చేదేమిటి? వాటిలో దొరకనిదేమిటి? దొరకని ఆ పేజీనే ఉద్యోగానికి మెట్టుగా మార్చుకోవడం ఎలా?

చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీయే. ఆ కాస్త దూరంలో ఎంతమంది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటాయో ఓసారి లెక్కపెట్టండి. ఒకరు పాట వింటుంటారు, ఒకరు పాడ్‌కాస్ట్, ఇంకొకరు తెలుగులోకి డబ్ అయిన వెబ్ సిరీస్. వాటన్నింటి వెనకా మైక్ పెట్టినవారు, ఎడిట్ చేసినవారు, మిక్స్ చేసి పంపినవారు ఉన్నారు. ఆ పని మనమూ చేయొచ్చు కదా అని మీకూ అనిపించే ఉంటుంది.

అలా అనిపించగానే చాలామంది చేసే మొదటి పని మైక్ వెతకడం. ఓ రివ్యూ చూస్తారు. ఈఎంఐ మీద కండెన్సర్ మైక్, ఆడియో ఇంటర్‌ఫేస్, గోడకు అంటించే నల్ల ఫోమ్ ముక్కలు తెప్పిస్తారు. కొన్నాళ్లకు కిస్తీలు మిగులుతాయి, పని మాత్రం చేతికి రాదు. ఈ రంగంలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు దాదాపు ఉండవు. ‘ఏం కొన్నావు’ అని ఎవరూ అడగరు. ‘ఏం చేశావో వినిపించు’ అంటారు. అందుకే డబ్బు పెట్టేముందు కొన్నాళ్లు చదవండి.

ఏవి చదవాలి?

సౌండ్ ఆన్ సౌండ్: 1985లో బ్రిటన్‌లో మొదలైన మాసపత్రిక. పాత వ్యాసాలు వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు, కొత్తవాటికి చందా కట్టాలి. ఇందులో ‘మిక్స్ రెస్క్యూ’ శీర్షికతో వచ్చిన వ్యాసాలు మీకు బాగా పనికొస్తాయి. పాఠకులు ఇంట్లో రికార్డ్ చేసి పంపిన పాటను తీసుకుని, అది ఎక్కడ చెడింది, ఎలా బాగు చేశారన్నది అంచెలంచెలుగా చెబుతారు. ఆ శీర్షికకు ఎక్కువగా రాసిన మైక్ సీనియర్, సాధన కోసం మల్టీట్రాక్ ఫైళ్ల లైబ్రరీని ఉచితంగా నడుపుతున్నారు. వ్యాసం చదవండి, ట్రాకులు దించుకోండి, అదే పద్ధతిలో మీరూ మిక్స్ చేసి చూడండి.

టేప్ ఆప్: 1996లో అమెరికాలో లారీ క్రేన్ దీన్ని జెరాక్స్ కాపీల పత్రికగా మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాదే పోర్ట్‌లాండ్‌లో సొంత స్టూడియో తెరిచారు. ఇంజినీర్లతో సుదీర్ఘమైన ఇంటర్వ్యూలు దీని బలం. తక్కువ సామానుతో పని నెట్టుకొచ్చినవాళ్ల కథలు చాలా కనిపిస్తాయి. డిజిటల్ సంచికకు ఉచితంగా చందాదారు కావచ్చు.

మిక్స్: 1977 నుంచి వస్తున్న అమెరికన్ పత్రిక. స్టూడియోలు, సినిమా సౌండ్, లైవ్ షోల వార్తలుంటాయి. ఈ పరిశ్రమలో ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో తెలుసుకోవడానికి ఇది చూడండి.

ఏఈఎస్ జర్నల్: ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 1953 నుంచి వెలువరిస్తున్న పరిశోధన పత్రిక. ఈసీఈ, సీఎస్ఈ చదివి సిగ్నల్ ప్రాసెసింగ్ వైపు వెళ్లాలనుకునేవారికి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో స్పీచ్ ప్రాసెసింగ్ మీద ప్రత్యేకంగా ల్యాబ్ ఉంది. అలాంటిచోట పరిశోధనకు వెళ్లాలంటే ఈ భాషకు ఇప్పటినుంచే అలవాటు పడాలి.

మరి తెలుగులో? హాస్యం, సంగీతం కలిపి పేరు పెట్టుకున్న ‘హాసం’ పక్షపత్రిక 2001లో హైదరాబాద్ నుంచి వచ్చింది. శాంతా బయోటెక్నిక్స్ వ్యవస్థాపకుడు వరప్రసాద్ రెడ్డి అండగా నిలిచారు, సంగీత విశ్లేషకుడు రాజా సంపాదకత్వం వహించారు. పాటను శ్రద్ధగా వినడం నేర్పిన పత్రిక అది. కొన్నేళ్లకు ఆగిపోయింది. సినిమా పత్రికలు ఎవరు పాడారు, ఎవరు రాశారన్నది చెబుతూ వచ్చాయి. ఏ గదిలో, ఏ మైక్‌తో, ఎలా రికార్డ్ చేశారన్నది వాటిలో అరుదు. ఆ పేజీ తెలుగులో ఇప్పటికీ దాదాపు ఖాళీయే.

ఎలా చదవాలి?

రివ్యూలతో మొదలుపెట్టకండి. ముందు ‘ఎలా చేశారు’ తరహా వ్యాసాలు తీసుకోండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోండి. సమస్య ఏమిటి, ఏం చేశారు, ఎందుకు చేశారు. మూడో గడి నింపలేకపోతే ఆ వ్యాసం మీకింకా అర్థం కాలేదన్నమాట.

ఓ ఉదాహరణ చూద్దాం. ‘గొంతు దూరంగా, గదిలో మోగుతున్నట్టు ఉంది’ అన్నది సమస్య అనుకోండి. ఖరీదైన మైక్ కొంటే పోతుందని మనకు అనిపిస్తుంది. కానీ నోటికీ మైక్‌కూ మధ్య దూరం 30 సెంటీమీటర్ల నుంచి 15కు తగ్గిస్తే మైక్‌కు చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది శబ్దం మాత్రం ఉన్నంతే ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫోమ్ సంగతీ అంతే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 100 హెర్ట్జ్ శబ్దం ఒక్క తరంగం పొడవు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంగుళం మందం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అది పై స్థాయి ప్రతిధ్వనిని కొంత పీల్చుకుంటుంది, అంతే. ముంబై హైవే మీద లారీ రొదను ఆపదు. ఈ లెక్క తెలిస్తే ఫోమ్ డబ్బులు మిగులుతాయి. బట్టలతో నిండిన అల్మరా తలుపులు తెరిచి, దానివైపు తిరిగి మాట్లాడి రికార్డ్ చేయండి. వెనకాల ఓ మందపాటి దుప్పటి వేలాడదీయండి. తేడా మీకే వినిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ కోసమూ అప్పు చేయనక్కర్లేదు. ఆడాసిటీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు వాడి చూసి తర్వాత కొనుక్కోవచ్చు. స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ప్రో టూల్స్‌కు కూడా ట్రాకుల పరిమితితో ‘ఇంట్రో’ అనే ఉచిత వెర్షన్ ఉంది.

ఈ పత్రికలు ఎక్కడ మెరుగుపడాలి?

ఇంత ఉపయోగపడే పత్రికలే అయినా, చందానగర్‌లో షేరింగ్ రూమ్‌లో కూర్చుని చదివితే కొన్ని వెలితులు తెలుస్తాయి.

ఒకటి, గది. అక్కడి వ్యాసాల్లో తరచూ కనిపించేవి చెక్క నేల, కార్పెట్, తలుపులు మూస్తే నిశ్శబ్దం. మనవి సిమెంటు గోడలు, టైల్స్ నేల, పైన ఫ్యాన్. ఫ్యాన్ ఆపితే కానీ రికార్డింగ్ కాదు, మే నెలలో ఆపితే మనిషి ఉండలేడు. పది నిమిషాల చొప్పున ఎలా రికార్డ్ చేసుకోవాలి, మధ్యలో గొంతు స్థాయి మారకుండా ఎలా చూసుకోవాలి అన్నది మనకు కావాల్సిన వ్యాసం.

రెండు, వాయిద్యాలు. డ్రమ్స్‌కు మైకులు ఎలా పెట్టాలన్న వ్యాసాలు కుప్పలుగా దొరుకుతాయి. డప్పు, మృదంగం, నాదస్వరం, వీణ గురించి వెతికితే దొరికేది చాలా తక్కువ. తెలుగు పాటకు పనిచేయాలంటే ఇవి తెలియకుండా కుదరదు.

మూడు, ధర. పౌండ్లలో, డాలర్లలో చెప్పే ధరకు దిగుమతి సుంకం, జీఎస్టీ కలిపితే మన లెక్కే మారిపోతుంది. ఆ వస్తువు పాడైతే హైదరాబాద్‌లో బాగుచేసేవాళ్లు ఉన్నారా అన్నది ఆ రివ్యూలో ఉండదు. పైగా రివ్యూలూ, పరికరాల కంపెనీల ప్రకటనలూ ఒకే సంచికలో ఉంటాయి. కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి రాసి ఊరుకోకుండా, ఏడాది వాడాక మళ్లీ రాస్తే పాఠకుడికి మేలు.

నాలుగు, బతుకుతెరువు. పరికరం గురించి నాలుగు పేజీలు రాస్తారు. మొదటి పనికి ఎంత అడగాలి, అడ్వాన్స్ ఎలా తీసుకోవాలి, ఎన్నిసార్లు మార్పులు చేసివ్వాలి, పేరు వేస్తారో లేదో ముందే ఎలా రాయించుకోవాలి అన్నవాటికి అంత చోటు దక్కదు. ఉద్యోగం వెతుక్కునేవాడికి ఇవే ముందు కావాలి.

ఆ ఖాళీ పేజీ మీదే

ఇక్కడే మీకో అవకాశం ఉంది. పత్రికలు రాయని వ్యాసం మీరు రాయండి. జెరాక్స్ కాపీలతో మొదలైన టేప్ ఆప్ ఇప్పటికీ నడుస్తోంది కదా! మీకు పత్రిక పెట్టాల్సిన పని కూడా లేదు. రెండు పేజీల పీడీఎఫ్, దానికి రెండు ఆడియో ఫైళ్లు చాలు. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది.

మొదటి వ్యాసం మీ గది మీదే రాయండి. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2కు, రాత్రి 11కు ముప్ఫై సెకన్ల చొప్పున నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. మైక్ చోటు, గెయిన్ మార్చకూడదు. మూడింటిలో శబ్దం స్థాయి నోట్ చేసుకోండి. మీ గదిలో ఏ వేళ రికార్డింగ్‌కు మంచిదో అంకెలతో తేలిపోతుంది. రెండోది, మీ వీధిలోనో ఊళ్లోనో డప్పు వాయించేవారిని అడిగి, మైక్‌ను మూడు చోట్ల పెట్టి రికార్డ్ చేసి పోల్చండి. వారి పేరు తప్పకుండా వేయండి, మీ పేరు వేయాలని రేపు అడిగేది మీరే కదా. మూడోది, ఒక కథను ఆడియోబుక్ ప్రమాణాలకు సరిపోయేలా తయారు చేయండి. నాలుగోది, ఉచిత మల్టీట్రాక్ ఒకటి మిక్స్ చేసి, తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కారణం రాయండి.

ఈ నాలుగూ ఉంటే మీ రెజ్యూమెలో ‘ఆడియో అంటే ఆసక్తి’ అని రాయాల్సిన అవసరం రాదు.

అంకెలు నోటికి రావాలి

ఇంటర్వ్యూలో, టెస్ట్ పనిలో తరచూ ఎదురయ్యేవి కొన్ని. సినిమా, వీడియో పనికి శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, సీడీకి 44.1. రికార్డింగ్ 24 బిట్‌లో చేయండి, పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే గొంతు పెరిగినా పగలదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ స్థాయికి పాటను సర్దుతుంది. యూరప్ ప్రసారాలకు మైనస్ 23. నెట్‌ఫ్లిక్స్ మాటల ఆధారంగా కొలిచి మైనస్ 27 అడుగుతుంది, రెండు అటూఇటూ ఒప్పుకుంటుంది. ఆడిబుల్‌కు పుస్తకాలు చేర్చే ఏసీఎక్స్ వేదికలో సగటు స్థాయి మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, పీక్ మైనస్ 3 దాటకూడదు, గది శబ్దం మైనస్ 60 కన్నా తక్కువ ఉండాలి. బట్టీ పట్టి వదిలేయకండి. మీ ఫైల్‌ను మీటర్‌లో చూసి సరిచేయడం రావాలి.

సాధన ఎక్కడ? మీ కాలేజీ ఫెస్ట్‌లో సౌండ్ బాధ్యత అడిగి తీసుకోండి. లింగంపల్లి దాటితే వచ్చే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ‘బోల్ హైదరాబాద్’ 90.4 ఎఫ్ఎం క్యాంపస్ రేడియో ఉంది. అక్కడ చదివేవాళ్లు దాన్ని వదులుకోకూడదు. మూడేళ్లు పూర్తిగా ఇదే చదవాలనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు ఉంది. ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి అక్కడ చదివినవారే.

ఒక్క మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఈ రంగంలో మొదటి రెండేళ్లు నెలనెలా ఒకేలా డబ్బు రాకపోవచ్చు. శబ్దం శుభ్రం చేయడం లాంటి చిన్న పనులను ఏఐ టూల్స్ ఇప్పటికే చేస్తున్నాయి. కాబట్టి చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదిలేసి దూకకండి. వారానికి రెండు సాయంత్రాలు కేటాయించండి. ఏ బటన్ నొక్కాలో టూల్ చెబుతుంది. ఎందుకు నొక్కాలో, ఎప్పుడు ఆపాలో చెప్పగలిగే మనిషికి పని ఉంటుంది. ఆ ‘ఎందుకు’ కోసమే ఈ పత్రికలు చదవమనేది.

ఈ ఆదివారం పెద్దగా ఏమీ వద్దు. ఒక పాత ‘మిక్స్ రెస్క్యూ’ వ్యాసం, ఒక నోట్‌బుక్, మీ ఫోన్‌లో రికార్డర్ చాలు. ఫ్యాన్ ఆపి ముప్ఫై సెకన్లు రికార్డ్ చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీ గది శబ్దం ఎలా ఉందో వినండి. అందులో వినిపించినవన్నీ వరుసగా రాయండి. మీ మొదటి వ్యాసంలో మొదటి పేరా అదే.