నూనె నమూనా: తగాదా తెచ్చే లోహాల జాడలు

నూనె బేరంలో ఆమ్లశాతం, తేమ, రంగు చూసి ధర కట్టడం వర్తకులకు అలవాటే. ఇనుము, రాగి, సీసం లెక్క అడిగే కొనుగోలుదారులూ ఉన్నారు. కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రిఫైన్డ్ నూనెలో కిలోకు ఇనుము 1.5 మిల్లీగ్రాములు, రాగి 0.1 మిల్లీగ్రాము మించరాదు. అంటే 20 టన్నుల ట్యాంకరు మొత్తం మీద రాగి 2 గ్రాములే! ఈ రెండు లోహాలూ ఎక్కువైతే నూనె త్వరగా ముక్కిపోయి నిల్వకు ఆగదు.

ఇంత సూక్ష్మమైన లెక్క నమూనా తీసేచోటే తప్పవచ్చు. ఇత్తడి కొళాయి నుంచి పట్టిన నూనెలో రాగి, తుప్పు డబ్బాలో పోసినదానిలో ఇనుము అధికంగా కనిపిస్తాయి. దోషం సరకుది కాకపోయినా ధరలో కోత అమ్మకందారుకే. కాబట్టి నమూనా గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. రాగి, ఇత్తడి పనికిరావు. సీసాను పలుచని నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి ఆరబెట్టాలి. మూత లోపల లోహపు రేకు ఉండరాదు.

ముడి నూనెతో మరో చిక్కు. మడ్డి అడుగుకు దిగినప్పుడు లోహాలు కొంత దానితోనే దిగుతాయి. పైతేట మాత్రమే పంపితే అంకె తగ్గుతుంది, అడుగు కొళాయి విప్పి పడితే పెరుగుతుంది. పై, నడిమి, అడుగు మట్టాల నుంచి తీసి కలపాలి. లేబొరేటరీలోనూ మడ్డిగా ఉన్న నూనెను 50 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేసి, బాగా కుదిపాకే తూచాలి.

తూచేది ఎంత? మైక్రోవేవ్ పాత్రలో నైట్రిక్ ఆమ్లంతో కరిగించే పద్ధతిలో సుమారు అర గ్రాము. 20 టన్నుల సరకులో అది 4 కోట్లవ వంతు. నూనె పూర్తిగా కరిగాక నీటితో పలుచన చేసి యంత్రానికి ఇస్తారు. కొలిమిలో కాల్చి బూడిద చేసే పాత పద్ధతిలో వేడి మితిమీరితే సీసం ఆవిరైపోతుంది. అలాంటి రిపోర్టు బాగున్నంత మాత్రాన సరకు బాగున్నట్టు కాదు.

వాడే ఆమ్లంలోనూ లోహపు జాడలు ఉండవచ్చు. నూనె వేయకుండా ఆమ్లాన్ని మాత్రమే అదే తీరున నడిపి, వచ్చిన అంకెను తీసివేయాలి. ఈ 'బ్లాంకు' అంకె చూపని రిపోర్టుపై ధర తగ్గించమంటే ఒప్పుకోనక్కరలేదు.

వనస్పతి వర్తకులు నికెల్‌ను కూడా చూసుకోవాలి. గట్టిపరిచేటప్పుడు వాడే ఉత్ప్రేరకం నుంచి మిగిలే ఈ లోహం మన దేశంలో పది లక్షల భాగాలకు 1.5 మించరాదు.

నమూనాను మూడు సీసాల్లో సీలువేసి, అమ్మకందారు, కొనుగోలుదారు, మధ్యవర్తి తలొకటి ఉంచుకోవడం మేలు. ఏ మట్టం నుంచి, దేనితో తీశారో చీటీపై రాయించాలి.