గర్ల్‌స్కూల్ — ఆంగ్ల వనితల రాక్ సంగీత మేళము

సంగీతము స్త్రీలకు సహజమైన విద్య యని యన్ని దేశములవారును ఒప్పుకొందురు. కాని యెట్టి సంగీతము, ఎంత బిగ్గరగా, ఎవరి యెదుట నను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము వారికి గీత గీయువారు పెక్కురు. ఇంగ్లండు దేశమున 1970వ దశాబ్దమునందు హార్డ్ రాక్ అను సంగీతము పురుషుల సొత్తుగా నుండెను. విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారులు, గుండె లదరజేయు డ్రమ్ములు, కేకలువేయు యువకుల గుంపులు — ఇదియే ఆ కచ్చేరుల స్వరూపము. వాయించువారు పురుషులే, వినువారిలోను హెచ్చుపాలు పురుషులే. స్త్రీ యొకతె యున్నను గాయనిగా ముందు నిలుచుటయే గాని వాద్యము చేపట్టుట యరుదు. అట్టి రంగమున నలుగురు యువతులు ప్రవేశించి, తమ చేతి విద్యతోనే నిలిచి, నలువదియైదేండ్లకు పైబడి తమ మేళమును నిలుపుకొనిరి. వారి చరిత్రము మన సోదరీమణులు తెలిసికొనదగినది.

దక్షిణ లండనునందు వాండ్స్‌వర్త్ అను పేట కలదు. అచ్చట నిరుగుపొరుగున పెరిగి, కలసి చదువుకొన్న కిమ్ మెకాలిఫ్, ఎనిడ్ విలియమ్స్ అను బాలికలకు మేళము కట్టవలెనని కోరిక కలిగెను. తమతో కలసి వాయించుటకు బాలు రెవరును ముందుకు రాకపోగా, 1975లో బాలికలే యొక జట్టుగా నేర్పడి, పెయింటెడ్ లేడీ యని పేరు పెట్టుకొనిరి. వాద్యములకును, వాని ధ్వనిని పెంచు యంత్రములకును చాల ధనము కావలెను. అందుచేత కిమ్ ఒక బ్యాంకులోను, ఎనిడ్ ఒక రొట్టెల దుకాణములోను పని చేయుచు, ఆ జీతముతోనే సామగ్రి సమకూర్చుకొనిరి.

1978లో కెల్లీ జాన్సన్, డెనిస్ డూఫోర్ట్ అను మరి యిద్దరు యువతులు చేరిరి. మేళమునకు క్రొత్త పేరు వచ్చెను. గర్ల్‌స్కూల్ అనగా బాలికా పాఠశాల. పాల్ మెకార్ట్నీగారి వింగ్స్ మేళము 1977లో వెలువరించిన యొక రికార్డులోని పాట పేరు నుండి దీనిని గ్రహించిరి. పాటకు నడక నిచ్చు గిటారు కిమ్‌ది. పాట నడుమ నొంటరిగా విజృంభించి వాయించు ప్రధాన గిటారు కెల్లీది. మంద్రస్వరములు పలుకు బేస్ గిటారు ఎనిడ్‌ది, డ్రమ్ములు డెనిస్‌వి. మన కచ్చేరిలో మృదంగము తప్పినచో గాయకుని ప్రజ్ఞ యెట్లు చెదరిపోవునో, ఈ సంగీతమున బేస్ గిటారును డ్రమ్ములును తప్పినచో అట్లే సర్వమును చెదరును. అట్టి బరువైన వాద్యములను గూడ పురుషుల కొప్పగింపక వారే వహించిరి.

క్రొత్త మేళము వెంటనే ప్రయాణము కట్టెను. ఇంగ్లండు, ఐర్లండు, ఫ్రాన్సు దేశములలోని చిన్న చిన్న శాలలలో వారు వాయించిరి. ఒక చిన్న కంపెనీ వారి తొలి రికార్డును వెలువరించెను. దానిని విన్నవారిలో లెమ్మీ యొకడు. ఇతడు మోటర్‌హెడ్ అను మేళమునకు నాయకుడు. గరుకు గొంతుతో, మిక్కిలి బిగ్గరయైన సంగీతముతో ప్రసిద్ధి కెక్కినవాడు. ఇతడు ఆ యువతులు సాధన చేయుచుండగా స్వయముగా పోయి విని, 1979లో తమ సంచారమున ప్రతి ఊరను ముందుగా వాయించుటకు వారిని పిలిచెను. మోటర్‌హెడ్ కచ్చేరికి వచ్చు జనము సుకుమార జనము గాదు. తమ మేళము కొరకు వేచియున్న అట్టి శ్రోతల యెదుట ప్రతి రాత్రియు ముందుగా నిలిచి వాయించుట చిన్న పరీక్ష గాదు. ఆ పరీక్షలో వారు నెగ్గిరి. ఆ యేడు ముగియులోపలనే బ్రాంజ్ అను రికార్డు కంపెనీవారు వారితో ఒడంబడిక చేసికొనిరి.

1980లో విక్ మైల్ అను నిపుణుని యాధ్వర్యమున డిమాలిషన్ అను తొలి ఆల్బము వెలువడి, బ్రిటిషు అమ్మకముల పట్టికలో 28వ స్థానము పొందెను. 1981 ఫిబ్రవరిలో వారు మోటర్‌హెడ్‌తో కలసి యొక చిన్న రికార్డు చేసిరి. అందొక పాటను రెండు మేళములును కలసి పాడగా, తక్కిన రెంటిలో నొకరి పాట నొకరు వాయించిరి. మోటర్‌హెడ్ డ్రమ్ము వాద్యకానికి మెడకు దెబ్బ తగిలి యుండుటచే ఆ పని డెనిస్ నిర్వహించెను. ఏ మేళము తమకు ముందు నిలువ నవకాశ మిచ్చెనో, ఆ మేళమునకే వీరిలో నొకతె ఆధారమైనది! ఆ రికార్డు పట్టికలో 5వ స్థానమున కెక్కెను. అదే సంవత్సరము వచ్చిన హిట్ అండ్ రన్ అను వారి రెండవ ఆల్బమును 5వ స్థానమే పొందెను. ఆ వేసవిలో రెడింగ్ పట్టణపు సంగీతోత్సవమున నొకనాటి ప్రధాన కచ్చేరియు వారిదే యయ్యెను.

కాని విరామము లేని సంచారము మనుష్యులను నలుచును. 1982లో ఎనిడ్ మేళమును వీడగా, గిల్ వెస్టన్ అను నామె యా స్థానమున చేరెను. తరువాత అమెరికా మీద ఆశ పుట్టెను. అచ్చటి శ్రోతల కింపగునట్లు ధ్వనిని మెత్తపరుపవలెనని, వేషమును గూడ మార్చి సొగసుగా కనబడవలెనని కంపెనీవారు కోరిరి. 1983లో ప్లే డర్టీ అను ఆల్బము స్లేడ్ మేళమునకు చెందిన నాడీ హోల్డర్, జిమ్ లీ గార్ల యాధ్వర్యమున మిక్కిలి నునుపుగా తయారయ్యెను. ఫలమేమి? స్వదేశమున నది 66వ స్థానము దాటలేదు. అమెరికా పట్టము కట్టలేదు. 1984లో కెల్లీ మేళమును వీడి లాస్ ఏంజిలిస్ నగరమున కేగెను. ఎవరి మెప్పు కొరకు తమ సహజ ధ్వనిని విడిచిరో వారు రాలేదు; ఉన్నవారు దూరమైరి.

మేళ మంతటితో నంతరించియుండును. అట్లు గానీయక నిలిపినది కిమ్. క్రొత్తవారు చేరిరి, పోయిరి, మరల నితరులు చేరిరి. ఆస్ట్రేలియానుండి వచ్చిన క్రిస్ బొనాచి ప్రధాన గిటారు చేపట్టెను. 1986లో వారు తమ తొలి నిపుణుడైన విక్ మైల్ యొద్దకే తిరిగి వచ్చి, తమ పూర్వపు బిరుసుదనమును మరల వినిపించిరి. వెనుకటి అమ్మకములు మరల లభింపలేదు. కాని చిన్న శాలలైనను, ఉత్సవములైనను, పరదేశములైనను పిలిచినచోట వాయించుట వారు మానలేదు.

1993లో కెల్లీ తిరిగివచ్చి పూర్వపు స్నేహితురాండ్రతో మరల వాయించెను. 2000 ప్రాంతమున ఆమె విరమింపగా, జాకీ చేంబర్స్ అను నామె ప్రధాన గిటారు గైకొనెను. ఎనిడ్ కూడ మరల వచ్చెను. ఇంతలో కెల్లీకి వెన్నెముకయందు క్యాన్సరు అను రాచపుండు వ్యాధి సోకెను. 2007 జూలై 15వ తేదీన, నలుబదితొమ్మిదేండ్ల ప్రాయమున, ఆమె పరమపదించెను. స్నేహితురాండ్రు ఆమె స్మారకార్థము లండనున కచ్చేరి చేసిరి. మరుసటి సంవత్సరము మేళమునకు ముప్పదేండ్లు నిండిన సందర్భమున లెగసీ అను ఆల్బము వెలువరింపగా, లెమ్మీయు, బ్లాక్ సబ్బత్ మేళపు టోనీ అయోమియు, గాయకుడు రోనీ జేమ్స్ డియోయు అందు పాల్గొనిరి. స్త్రీలను వింతగా చూచిన రంగమున నగ్రగణ్యులైనవారు తోడివిద్వాంసులుగా వచ్చి నిలుచుట సామాన్య గౌరవమా?

2015 డిసెంబరులో లెమ్మీయు కాలగతి నొందెను. మొదట చేయి యందిచ్చినవాడు పోయినను మేళము సాగెను. 2023లో, తమ నలువదియైదవ యేటికి గుర్తుగా, వారు మరియొక ఆల్బమును వెలువరించిరి. 1978 నాటి నలుగురిలో నెవరు వచ్చినను, ఎవరు పోయినను, ఎన్నడును స్థానము విడువనివారు కిమ్ మెకాలిఫ్, డెనిస్ డూఫోర్ట్ అను ఇరువురే. స్త్రీల రాక్ మేళములలో నింత దీర్ఘకాలము నిలిచినది వేరొకటి కానరాదని పలువురు చెప్పుదురు.

ఆ బిరుసు సంగీతము మన చెవుల కింపుగా నుండవచ్చును, లేక పోవచ్చును; అది వేరు సంగతి. ప్రారంభమున వారిని చూడవచ్చిన వారిలో కొందరు ఆడువారు గిటారులు పట్టిన వింతను చూడవచ్చిరి. వింత యొకనాటి ముచ్చట. మరుసటి రాత్రి, మరుసటి యేడు, నలువది యేండ్ల పిమ్మట గూడ జనమును రప్పించునది పనిలోని నేర్పే. ఇతరుల మెప్పునకై రూపు మార్చుకొన్న నాడు వారు నష్టపడిరి. తమ విద్యను నమ్ముకొన్న నాళ్లలో కూలినను లేచిరి. సంపాదించిన విద్య వాద్యమే కానిండు, వైద్యమే కానిండు, మగ్గమే కానిండు, దానిని చేజిక్కించుకొనుట కంటె చేజారనీయకుండుటయే కష్టము. ఆ కష్టమున కోర్చినవారిలో ఈ ఆంగ్ల వనితలను గూడ లెక్కింపవలయును.